తేలు కుట్టిన కాడ చింతగింజ, ముక్కుల కామెర్ల మందు: ఇవి పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తయి?

డిండి_వాగు
తేలు కుట్టిన కాడ చింతగింజను బండకు అరగదీసి పెడితే టక్కున అతుక్కుంటది. విషం గుంజినంతసేపు ఉండి, అయిపోంగనే దానంతటదే రాలిపడ్తదని అచ్చంపేట నుంచి దేవరకొండ దాక ఏ ఊర్లె అడిగినా చెప్తరు. నా అనుమానమల్లా ఆ 'రాలిపడుడు' మీదనే. విషం లేని కాడ పెడితే అతుక్కోదా? పిల్లలకు పానం బాగలేకుంటే అమ్మనాయినలు చేసే ఇసొంటి వింత వైద్యాలు ఇంకేమున్నయి, అవి పనిచేసినట్టు ఎందుకు అనిపిస్తయి? తెల్సినోళ్లు జర వివరంగ రాయుండ్రి. "మా తాత చెప్పిండు" అని ఒక్క ముక్క రాసి పోవద్దు.

గొంగడి_మగ్గం
విషం లేకున్నా అతుక్కుంటది, మోచేతి మీద పెట్టి చూడు. పైన గోధుమరంగు పొట్టు అరిగి లోపటి తెల్ల పప్పు కనబడాలె, చర్మం జర తడిగ ఉండాలె. ఇంకేం అక్కర్లేదు. ఆ పప్పు నిండ జిగురే. గొంగడి నేసేటోళ్లు పడుగుకు పెట్టే గంజి ఈ గింజలదే గద. బట్టల మిల్లులకు పోయే పిండి కూడ గిదే. కుట్టిన కాడ చెమట ఉంటది, లేకుంటే ఉమ్మి పెట్టి అద్దుతరు. తడి ఉన్నంతసేపు పట్టుకుంటది, ఆరినంక పెళుసై ఊడుతది. ఆరేది గింజ, పోయేది విషం కాదు.

జొన్నరొట్టె
అరగదీసిన గింజ వేడి మీద పెడితే చురుక్కుమంటది కూడ. బడిల గచ్చకాయ రుద్ది పక్కోని తొడకు పెట్టే పోరగాళ్లకు ఈ సైన్సు ఎప్పుడో తెల్సు 😄

సర్కారు_నర్సు
గింజతోని నష్టం లేదు. అది రాలేదాక కూసుండి చూసే గంట తోనే నష్టం. మన దిక్కు రెండు రకాలు అగుపడ్తయి. నల్లగ పెద్దగ ఉండే మండ్రగబ్బ కుడితే నొప్పి ఘోరంగ ఉంటది గని ఎక్కువ శాతం కొన్ని గంటల్ల తగ్గుతది. అసలు డేంజర్ చిన్న ఎర్ర తేలు. రాళ్ల కుప్పల కింద, పిడకల కింద, పాత గోడ సందుల ఉంటది. గింజ 'పనిచేసింది' అని చెప్పేవన్నీ మొదటి రకం కేసులు. గింజ పెట్టకపోయినా తగ్గేవే.

ఎర్ర తేలు కుడితే కొందరు పిల్లలకు నొప్పి పెద్దగ ఉండకపోవచ్చు, అందుకే ఇంటోళ్లు మోసపోతరు. చూడాల్సినవి: చేతులు కాళ్లు సల్లగైతయి, ఒళ్లంత చెమట పోస్తది, వాంతులు, నోట్లె సొల్లు, మగపిల్లలకు అంగం గట్టిపడి అట్లనే ఉంటది. వీటిల్ల ఏ ఒక్కటి కనబడ్డా ఇగ ఆగొద్దు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్ల నీరు చేరి ఆయాసం, నురగ వస్తది.

మందుల_షాపు
దీనికి మన దేశంల వాడే మందు ప్రజోసిన్. అసలైతే బీపీ గోళీ. మహారాష్ట్ర కొంకణ్‌ల మహాడ్ అనే ఊర్లె డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీన్ని ఎర్ర తేలు కాటుకు వాడి చూపిచ్చిండు, 2022ల పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు కిలోకు 30 మైక్రోగ్రాములు, 3 గంటలకోసారి. 10 కిలోల పిల్లకు 0.3 మి.గ్రా., అంటే 1 మి.గ్రా. గోళీల మూడో వంతు కూడ కాదు. ఇది ఇంట్ల ఇచ్చుకునేటందుకు రాస్తలేను. వేసినంక బీపీ దిగుతది, పిల్లను లేపి నిలబెడితే పడిపోతది. పండబెట్టి బీపీ చూసుకుంట ఇయ్యాలె. దవాఖానకు పోయినంక మీకు ఏమిస్తున్నరో అర్థం కావాలని చెప్తున్న.

డిండి_వాగు
మరి పైన తాడు కట్టుడు?

సర్కారు_నర్సు
వద్దు. బ్లేడుతోని కోసుడు వద్దు, కిరోసిన్ వద్దు. ఐస్ ఉంటే గుడ్డల చుట్టి పెట్టుండ్రి, నొప్పి తగ్గుతది.

నల్లమల_పసరు
ఇక్కడ అన్నింటినీ కొట్టిపారేస్తరని ముందే తెల్సు. కామెర్ల సంగతి చెప్పుండ్రి మరి. ముక్కుల మందు పోస్తే పసుపు పచ్చటి నీళ్లు పొద్దంత కారుతయి. కండ్ల ముందర కనిపించేది కూడ అబద్ధమేనా?

మూసీ_ఒడ్డు
కారేది నిజం, అది కామెర్లు కాదు. ఆ మందు దేవదాలి అనే చేదుబీర జాతి ఎండుకాయ. రాత్రి నీళ్లల్ల నానబెట్టి, పొద్దుగాల వడగట్టి, ఒక్కో ముక్కు రంధ్రంల రెండు మూడు చుక్కలు వేస్తరు. దాని చేదుకు ముక్కు లోపలి పొర మండి వాచి, రసి కారుడు మొదలైతది. కామెర్లు లేనోని ముక్కుల పోసినా కారుతది. పసుపు చేసే బిలిరుబిన్‌ను శరీరం పిత్తంల కలిపి పేగులకు పంపుతది, కొంత మూత్రంల పోతది. ముక్కు దారి దానికి లేనే లేదు. చిన్నపిల్లలకైతే ఆ నీళ్లు ఊపిరితిత్తులల్లకు జారే ముప్పు ఉంటది, తలనొప్పి, ముక్కుల రక్తం కూడ మామూలే.

ఇగ దండ ముచ్చట. తల మీద పెట్టిన కామెర్ల దండ మెల్లమెల్లగ పెరిగి, మెడ, బొడ్డు దాటి కాళ్ల దాక దిగుతది. దిగిన కొద్దీ కామెర్లు దిగుతున్నట్టు. పచ్చి కాడలు, గలిజేరు లాంటివి, చిన్న చిన్న ముక్కలు కోసి జారుముడి తోని గట్టిగ బిగిచ్చి కడ్తరు. కాడ ఎండి సన్నబడ్తది, ముడి వదులైతది, దారం బయటికి వస్తది. ముప్పై నలభై ముడులు తలా ఇంత వదిలితే దండ మూరెడు పెరుగుతది. పరీక్ష ఏందంటే, అదే దండను గోడ మేకుకు తగిలియ్యి. గోడకు కామెర్లు లేకున్నా పెరుగుతది.

లెక్కల_సారు
చేతులు కడిగి కామెర్లు 'తీసేది' ఇంకొకటి ఉంది. రోగి చేతులకు ముందుగ ఏదో పసరు రుద్దుతరు, తర్వాత తళెల సున్నపు నీళ్లు పోసి కడుగుతరు. నీళ్లు పచ్చగైతయి. ఆ పసరు మామిడి బెరడుది. బెరడు రసానికి సున్నం తగిలితే పసుపు రంగు వస్తది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు బళ్లల్ల చేసి చూపెట్టే ప్రదర్శనలల్ల ఇసొంటివి మస్తుగ ఉంటయి. పిల్లలతోనే చేపియ్యండి, చూసినోడు జన్మల మర్చిపోడు.

నల్లమల_పసరు
దండ సంగతి ఒప్పుకుంట. మరి రోగం తగ్గుతుంది గద? తగ్గినోళ్లు లక్షలు.

సర్కారు_నర్సు
పిల్లలకు వచ్చే కామెర్లల్ల ఎక్కువ హెపటైటిస్ ఎ. కలుషిత నీళ్లతోని వస్తది, కొన్ని వారాల్ల దానంతటదే పోతది. పసరు పోసినా పోతది, పొయ్యకున్నా పోతది. నేలఉసిరి ముద్ద మజ్జిగల ఇస్తే ఇయ్యుండ్రి, కొట్లాడను. పత్యం తోనే పంచాయతి. నెల రోజులు నూనె లేదు, పప్పు లేదు, ఉప్పు లేని చారు మెతుకులు అంటే పిల్ల ఎండిపోతది. తినగలిగింది పెట్టాలె, అంతే. మబ్బుగ పండుకునుడు, పొంతన లేని మాటలు, వాంతులు ఆగకపోవుడు, రక్తం కారుడు: ఇవి లివర్ చెడుతున్న గుర్తులు, ఇగ దండలు గిండలు బంద్.

వాతలు పెట్టుడు గురించి వేరే చెప్పాల్నా? సూది గని గాజు గని కాల్చి పొట్ట మీద, చేతి మీద పెడ్తరు. పుండైతది, చీము పడ్తది. కామెర్లకు రవ్వంత కూడ పనికిరాదు.

ఉగ్గుగిన్నె
పురిటి పిల్లల కామెర్లు వేరు, కలపకుండ్రి. పుట్టిన రెండో మూడో రోజు పచ్చబడి వారం పది రోజుల్ల పోయేది మామూలు. ఎండల పండబెట్టుడు నమ్ముకోవద్దు. గుడ్డలు లేకుండ ఎండల పెడితే పసిగుడ్డు వేడెక్కుతది, లేకుంటే సల్లబడ్తది, ఎంత వెలుతురు పడిందో లెక్క ఉండదు. దవాఖానల నీలి లైటు కింద పెట్టేది కొలత తోని. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడితే, అరచేతులు అరికాళ్లు పచ్చబడితే, పాలు తాగుడు తగ్గితే అదే రోజు తీస్కపోవాలె.

ఇంకొకటి, పుట్టిన పిల్లల రొమ్ములు జర ఉబ్బి పాలసొంటి నీరు వస్తది. తల్లి హార్మోన్ల వల్ల. దాన్ని పిండి తీసే అలవాటు ఉంది, ఆడపిల్లలకైతే తప్పకుండ. పిండితే గడ్డ కట్టి చీము పడ్తది. ముట్టకుంటే కొన్ని వారాల్ల అదే పోతది.

జొన్నరొట్టె
చంకల ఉల్లిగడ్డ పెట్టుకుంటే జ్వరం వస్తదని బడి ఎగ్గొట్టేటందుకు చేసేది ఎవరూ చెప్తలేరేంది

మందుల_షాపు
రాదు. చంకల ఉల్లిగడ్డ వాసన వస్తది, సారు పట్టుకుంటడు.

కొల్లాపూర్_మామిడి
జ్వరానికి మేకపాలు అరికాళ్లకు రుద్దుతరు, వేడి గుంజుతదని. తడి ఆరేటప్పుడు సల్లగ అనిపిస్తది అంతే, నీళ్లతోని రుద్దినా అదే. మేకకు లేనిపోని పేరు.

బాలానగర్_రోడ్డు
సీతాఫలం సీజన్ల ఒకటి చెప్పాలె. ఈ రకానికి పేరే బాలానగర్, మన పాలమూరుదే. తిన్నంక గింజలు ఎండబెట్టి పొడి కొట్టి, కొబ్బరినూనెల కలిపి పేన్లకు ఆడపిల్లల తలకు పట్టిచ్చి గుడ్డ కడ్తరు. పేన్లు చస్తయి, అబద్ధం కాదు. గింజల విషం ఉంది, పురుగుల మందు లెక్క పనిచేస్తది. అయితే చెమటతోని, లేకుంటే కడిగేటప్పుడు, నూనె నుదుటి మీదికెళ్లి కంట్ల పడ్తది. కొన్ని గంటల్ల కన్ను ఎర్రగై, నీళ్లు కారి, రెప్ప తెరవరానంత మంట. నల్లగుడ్డు మీది పొర కాలినట్టైతది. కంటి డాక్టర్లకు ఇది తెల్సిన కేసే. పడితే 15–20 నిమిషాలు మంచినీళ్లు ధారగ పోసి కడిగి కంటి దవాఖానకు పోవాలె. నలపొద్దు. తల్లిపాలు, వెన్న పెట్టొద్దు.

మందుల_షాపు
బాలానగర్ అన్న చెప్పింది నూరుపాళ్లు నిజం. బదులుగ 1% పర్మెత్రిన్ లోషన్ దొరుకుతది. తలస్నానం చేపిచ్చి తడి తుడిచి, వెంట్రుకల మొదళ్లకు పట్టిచ్చి, 10 నిమిషాలకు కడిగి, పేన్ల దువ్వెన తోని దువ్వాలె. చానా మంది తప్పు చేసేది ఇక్కడనే: ఒక్కసారి పెట్టి వదిలేస్తరు. ఈపులు వారం పది రోజుల్ల పొదుగుతయి, అందుకే 7 నుంచి 10 రోజులల్ల రెండోసారి పెట్టాలె. ఇంట్ల అందరి తలలు ఒకే రోజు చూడకుంటే చెల్లె తలకెళ్లి అక్క తలకు మల్ల ఎక్కుతయి.

డిండి_వాగు
గాడిద పాలు? పట్నంల, నల్లగొండల గాడిదను ఎంబడేసుకొని గల్లీలల్ల అరుసుకుంట తిరుగుతరు. దగ్గుకు, దమ్ముకు మంచిదట.

ఉగ్గుగిన్నె
కొవ్వు తక్కువ, తీపి ఎక్కువ, తల్లిపాలకు దగ్గరగ ఉంటయి. అక్కడి దాక నిజం. ఉగ్గుగిన్నెడు పాలు దగ్గు తగ్గియ్యవు. కాగబెట్టకుండ పిండంగనే పోస్తరు, పచ్చి పాలతోని వచ్చే రోగాలన్నీ రావొచ్చు. కోరింత దగ్గుకే ఎక్కువగ పోసేటోళ్లు. అది వంద రోజుల దగ్గు, ఏది పోసినా చివరికి తగ్గినట్టే ఉంటది. ఆరు నెలల లోపు పిల్లకైతే దగ్గి దగ్గి ఊపిరి ఆగుతది, అసలు భయం అది. 6, 10, 14 వారాల టీకాలు ఏపిచ్చినోళ్లకు గాడిద పనే ఉండదు.

లెక్కల_సారు
దమ్ముకు అంటే చేప మందు యాదికొస్తది. మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం హైదరాబాద్‌ల బతికున్న చిన్న కొర్రమీను నోట్లె మందు పెట్టి మింగిస్తది. శాకాహారులకు బెల్లంల పెట్టి ఇస్తరు. జూన్‌ల అట్ల తీస్కపోయే పిల్లలు ఇన్‌హేలర్ బంద్ చేసి పోతున్నరు, అది తప్పు. వానల మొదలే దమ్ము ఎక్కువయ్యే కాలం.

నల్లమల_పసరు
ఆ రోజు ఇంట్ల ఇంగువ బెల్లం ఉండ తింటం, దానికి కూడ వంక పెడ్తరా సారూ

లెక్కల_సారు
లేదు, నాకు కూడ రెండు పంపు.

ఏఎన్ఎం_అక్క
అమ్మవారు పోస్తే చేసేవాటిల్ల మంచీ చెడూ రెండూ ఉన్నయి, విడదీసి చెప్త. గుమ్మానికి వేపకొమ్మ కట్టుడు మంచిదే. వచ్చేటోళ్లకు 'లోపలికి రాకుండ్రి' అని చెప్పినట్టు. ఆటలమ్మ పొక్కులు రాకముందు ఒకట్రెండు రోజుల నుంచి, పొక్కులన్నీ చెక్కు కట్టేదాక అంటుతది. గోర్లతోని గీరకుండ వేపాకు మండతోని దురద రాసుకునుడు కూడ మంచి ఉపాయమే. గోరు తగిలితేనే మచ్చ, చీము. గోర్లు కత్తిరియ్యాలె.

చెడు ఏందంటే, మందు ముట్టొద్దు, అమ్మవారికి కోపం వస్తది అనుడు. పెద్దమ్మవారి (మశూచి) కాలంల అట్లనుకుంటే అనుకున్నరు, ఆ రోగం దేశంల 1975 తర్వాత లేనే లేదు. ఇప్పుడు వచ్చేది ఆటలమ్మ, తట్టు. ఆటలమ్మల జ్వరానికి పారాసిటమాల్ ఇయ్యొచ్చు, ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు అస్సలు ఇయ్యొద్దు. లివర్, మెదడు దెబ్బతినే రోగం రావొచ్చు.

తట్టును గుర్తుపట్టుడు ముఖ్యం. మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ఎర్ర కండ్లు, ముక్కు కారుడు, ఆ తర్వాత చెవుల ఎన్కనుంచి ఎర్ర దద్దులు ముఖం మీదికి, ఒళ్లు మీదికి దిగుతయి. నీటి పొక్కులుండవు. దీనికి విటమిన్ ఎ తప్పనిసరి, వరుసగ రెండు రోజులు రెండు డోసులు. ఏడాది దాటినోళ్లకు ఒక్కోటి 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలలోళ్లకు లక్ష. కండ్లు పోకుండ కాపాడేది గదే. ఆకలి చంపి 'పోపు వాసన తగలొద్దు' అని సల్ల మెతుకులే పెడితే విటమిన్ ఇంకా పడిపోతది.

కొల్లాపూర్_మామిడి
అక్కా, గవదబిళ్లలకు దవడలకు నీలిమందు పూస్తరు గద, బట్టలకు పెట్టేది. మెడల బంగారు గొలుసు వేస్తరు.

ఏఎన్ఎం_అక్క
వారం పది రోజుల్ల తగ్గే వాపు, నీలిమందుకు పేరొచ్చింది. పోరడు నీలంగ ఉంటే దూరంకెళ్లే తెలుస్తది, పిల్లలను దగ్గరికి రానియ్యరు, అంతవరకు మేలు. బంగారం గొలుసు సంగతి, పోకుండ చూసుకోవాలె గంతే. ఎదిగిన మగపిల్లలకు వృషణాలు వాస్తే, ఎవ్వరికైనా చెవి వినబడకుంటే డాక్టర్ దగ్గరికి పోవాలె. సర్కారు టీకాల ఎంఆర్ ఉంది, అంటే తట్టు, రుబెల్లా. గవదకు ఎంఎంఆర్ బయట వేయించుకోవాలె.

పానగల్లు_చెరువు
వస పోసుడు గురించి రాస్తలేరు ఎవ్వరూ. వసకొమ్మును తల్లిపాలతోని సానరాయి మీద రెండు మూడు చుట్లు అరగదీసి పసిపిల్లకు నాకిస్తే మాటలు తొందరగ వస్తయి, కడుపుబ్బరం పోతది. కాల్చి అరగదీస్తే ఘాటు తగ్గుతది. దీంట్ల తప్పేముంది?

ఉగ్గుగిన్నె
'రెండు చుట్లు' అనేదే తప్పు. కొమ్ము లావు, రాయి గరుకు, రుద్దే చేయి బలం, ఇవన్నీ మారితే డోసు మారుతది. వసల బీటా-అసరోన్ అనే రసాయనం ఉంటది, మన దేశపు రకంల ఎక్కువ. ఎలుకలల్ల గడ్డలు తెచ్చిందని అమెరికాల 1968లనే తిండిల వాడకం బంద్ చేసిన్రు. ఎక్కువైతే వాంతులు, పిల్ల మత్తుగ పడుకుంటది. అది చూసి 'హాయిగ నిద్రపోయింది' అనుకుంటరు. ఎప్పుడూ కడగని సానరాయి మురికి ఉండనే ఉంది. మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడ వద్దు.

పానగల్లు_చెరువు
వేల ఏండ్ల నుంచి తాగించిన్రు, అందరూ చచ్చిపోలేదు గద.

ఉగ్గుగిన్నె
చచ్చినోళ్లను ఎవ్వరూ లెక్క పెట్టలేదు అన్న.

మందుల_షాపు
ఏడాది లోపు పిల్లలకు తేనె నాకిచ్చుడు కూడ దీంట్లకే రాయుండ్రి. తేనెల ఉండే బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల మొలిచి విషం పుట్టిస్తయి, పిల్ల మెత్తబడి, ఏడుపు సన్నబడ్తది. కర్పూరం నూనె ఛాతీకి రుద్దుడు ఇంకా ఎక్కువ కనబడ్తది. కర్పూరం ఒక్క బిళ్ల మింగినా చిన్నపిల్లకు ఫిట్స్ వస్తయి. రెండేండ్ల లోపు పిల్లల ముక్కు దగ్గర పెట్టనే వద్దు. జలుబుకు ఉప్పునీళ్ల చుక్కలు చాలు. తమలపాకుకు ఆముదం రాసి వేడి చేసి ఛాతీ మీద వేసుడు నష్టం లేదు, వేడి ముందు మీ చెంప మీద చూసుకోండి.

మూసీ_ఒడ్డు
ఆముదం పై పూతకే. ముక్కుల, గొంతుల పోస్తే ఊపిరితిత్తులకు జారుతది, నూనె నిమోనియా అంటరు. ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి పోసేటోళ్లు ఉన్నరు.

జొన్నరొట్టె
మోషన్స్‌కు చాయ్‌పత్తి పిడికెడు నోట్లె వేసి నీళ్లు?

సర్కారు_నర్సు
పొడి చాయ్‌పత్తి గొంతుల పడి ఉక్కిరిబిక్కిరైతది. ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లల్ల మొత్తం కలపాలె, సగం సగం కాదు. లేకుంటే లీటరుకు 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ఇంకా నష్టం. జింక్ 14 రోజులు, 6 నెలలు దాటినోళ్లకు రోజుకు 20 మి.గ్రా. విరేచనాలు రెండో రోజే ఆగినా 14 రోజులు ఇయ్యాలె. ఉప్పేసిన గంజి, మజ్జిగ మంచివే. ఇది మనోళ్లు సరిగ్గనే పట్టిన్రు. నీళ్లు ఆపుడే తప్పు.

డిండి_వాగు
మోచేతికి చింతగింజ పెట్టి చూసిన. ఉమ్మి తోని 35 నిమిషాలు. నీళ్లతోని 20. బొటనవేలి గోరు మీద అతుక్కోనే లేదు.

గొంగడి_మగ్గం
గోరు మీద తడి నిలువదు. పప్పు సాపుగ అరిగిందా, గుండ్రంగ ఉందా? సాపుగ ఉంటే గంట కూడ ఉంటది.

కొల్లాపూర్_మామిడి
ఎక్కిళ్లకు నుదుటి మీద తడి దారప్పోగు పెడ్తరు పసిపిల్లలకు. దీనికి కూడ కథ ఉందా?

ఉగ్గుగిన్నె
ఎక్కిళ్లు ఐదు పది నిమిషాల్ల అవే పోతయి, దారం ఆరేటాలకు. భుజం మీద వేసుకొని తేపు తెప్పిస్తే ఇంకా తొందరగ పోతయి. దారం మాత్రం పిల్ల చేతికి అందకుండ తీసెయ్యి, నోట్లె పెట్టుకుంటది.